గృహ పరిశ్రమలు – అనుమతులు

ఉద్దేశం: స్వయం ఉపాధిని ఆశించే యువతకు పెట్టుబడి, నైపుణ్యాలతోపాటు చట్టపరిజ్ఞానం కూడా అవసరం. ఇంటివద్దనే ఆహారపదార్థాలు తయారుచేసి అమ్మదలచినవారు పొందవలసిన అనుమతులను, వాటి వెనుకనున్న ఆంతర్యాన్ని తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

తెలుగువారి వంటిల్లు కేవలం వంట చేసుకొనే చోటు కాదు. అది తరతరాల నైపుణ్యానికి నిలయం. వేసవి వచ్చిందంటే ఆవకాయ, మాగాయ జాడీలకెక్కుతాయి. ఎండలు ముదిరేకొద్దీ వడియాలు, అప్పడాలు మేడలమీద ఆరుతాయి. సంక్రాంతికి కోస్తా ఇళ్లలో అరిసెలు, తెలంగాణ ఇళ్లలో సకినాలు సిద్ధమవుతాయి. ఈ నైపుణ్యమే అనేక కుటుంబాలకు జీవనాధారమైంది. గోదావరి తీరాన ఆత్రేయపురంలో స్త్రీలు ఇళ్లలోనే కుండలపై రేకులు తీసి చుట్టే పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించడం ఇందుకు చక్కని తార్కాణం.

అయితే ఇంటిల్లిపాదికీ వండిపెట్టడం వేరు, వండినదానిని అమ్మడం వేరు. చుట్టానికి పంపిన ఊరగాయ సీసాకు ఆప్యాయతే ముద్ర. వెల కట్టి అమ్మిన సీసాకు మాత్రం చట్టం మరొక ముద్రను కోరుతుంది. “మా ఇంట్లో మేము చేసుకొనే పనికి సర్కారు అనుమతి ఎందుకు?” అని చాలామంది ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్న సహజమైనదే. దీనికి సమాధానం వండేవారికీ తినేవారికీ మధ్య పెరిగిన దూరంలో ఉంది.

పూర్వం కొనేవాడు అమ్మేవారి ఇంటిని ఎరుగును. బావి నీరు ఎటువంటిదో, పాత్రలు ఎంత శుభ్రమో అతనికి తెలుసు. పరిచయమే అక్కడ పూచీ. నేడు ఒక పల్లెలో పట్టిన పచ్చడి మరునాటికి పట్టణంలోని అపరిచితుని కంచంలోకి చేరుతున్నది. ఆ వంటింటిని అతడు ఎన్నడూ చూడడు. పరిచయం తీసుకొన్న పూచీని ఇప్పుడు మరొకటి తీసుకోవాలి. ఆ పనిని అనుమతి సంఖ్య చేస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం తూనికలు, కొలతలను పర్యవేక్షించేందుకు పౌతవాధ్యక్షుడనే అధికారిని నియమించాలని చెప్పింది. ధాన్యం, నూనె, ఉప్పు, ఔషధాలలో కల్తీ చేసినవారికి జరిమానా విధించింది. ఆధునిక కాలంలో ఈ జాగ్రత్త ఎంత అవసరమో 1998లో ఢిల్లీలో జరిగిన విషాదం చాటింది. ఆవనూనెలో ఆర్జిమోన్ అనే కలుపు మొక్క గింజల నూనె కలవడంవల్ల డ్రాప్సీ వ్యాధి ప్రబలి, పలువురు ప్రాణాలు కోల్పోయారు. విడిగా అమ్మే నూనెకు పేరుండదు, ఊరుండదు. అది ఎక్కడినుండి వచ్చిందో కనుగొనడం దుస్సాధ్యం. అదే ఏడాది కేంద్రప్రభుత్వం వంటనూనెల ప్యాకింగుపై ప్రత్యేక ఉత్తర్వును తెచ్చింది.

ఆహార నమోదు

ఆహార పదార్థాల తయారీ, నిల్వ, అమ్మకాలను నియంత్రించే ప్రధాన శాసనం ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006. దీనికి ముందు 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం, 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు వంటివి వేర్వేరుగా అమలులో ఉండేవి. ఊరగాయలు పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు పరిధిలోకి వచ్చేవి. 2006 చట్టం వీటన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. అనుమతులకు సంబంధించిన నిబంధనలు 2011 ఆగస్టు 5 నుండి అమలులోకి వచ్చాయి.

ఈ చట్టం చిన్నవారిని, పెద్దవారిని ఒకే కాటాలో తూచలేదు. పెద్ద వ్యాపారికి లైసెన్సు, చిన్న తయారీదారుకు నమోదు అని రెండు అంచెలు ఏర్పరచింది. 2011 నిబంధనల ప్రకారం వార్షిక అమ్మకాలు 12 లక్షల రూపాయలకు మించని వారు నమోదు చేసుకొంటే చాలు. దానికి ఏడాదికి 100 రూపాయల రుసుము నిర్ణయించారు. ఈ పరిమితులను, రుసుములను ప్రభుత్వం సవరించే వీలున్నది. కాబట్టి దరఖాస్తు చేసేనాటికి ఏవి అమలులో ఉన్నాయో చూసుకోవాలి.

ఒక గృహిణి గోంగూర పచ్చడి, కారప్పొడులు చేసి అమ్మదలచిందనుకొందాం. 2020 నుండి అమలులోకి వచ్చిన ‘ఫాస్కోస్’ అనే అంతర్జాల వేదికపై ఆమె దరఖాస్తు చేయవచ్చు. ఛాయాచిత్రం, గుర్తింపు పత్రం, చిరునామా, తయారుచేయబోయే పదార్థాల వివరాలు అందులో ఇవ్వాలి. దరఖాస్తు అందిన 7 రోజులలో అధికారి నమోదు చేయాలి, కారణాలు తెలిపి తిరస్కరించాలి, లేదా తనిఖీకి తాఖీదు ఇవ్వాలి. తనిఖీ అవసరమైతే 30 రోజులలో నిర్ణయం వెలువడాలి. ఈ గడువులలో ఏదీ జరగకపోతే ఆమె పని ప్రారంభించుకోవచ్చునని 2011 నిబంధనలు స్పష్టం చేశాయి. అంటే చట్టం దరఖాస్తుదారుకే కాక, అధికారికీ గడువు విధించిందన్నమాట. ఈ సంగతి తెలియని వారే తరచుగా మధ్యవర్తుల చేతిలో మోసపోతారు.

నమోదైనవారికి 14 అంకెల సంఖ్య లభిస్తుంది. అది 2తో మొదలైతే నమోదు, 1తో మొదలైతే లైసెన్సు. కాగితం చేతికి వచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. వాడే నీరు తాగడానికి యోగ్యమై ఉండాలి. ఈగలు, ఎలుకలు చేరకుండా చూడాలి. అంటువ్యాధి ఉన్నవారు ఆహారాన్ని తాకరాదు. ముడిసరుకు ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. చెమ్మ తగిలి బూజుపట్టిన వేరుసెనగ గింజలలో, మిరపకాయలలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి హాని చేస్తుంది. కారానికి ఎరుపు తెచ్చేందుకు సూడాన్ రంగులను కలపడం నేరం.

తూనిక, చీటీ

సోల, తవ్వ, మానిక, వీశె అనేవి ఒకనాటి తెలుగు కొలతలు. నేటి వ్యాపారం మెట్రిక్ కొలతలలోనే సాగాలి. తూనికలు, కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేసిన కాటానే వాడాలి. ముందుగా పొట్లం కట్టి అమ్మే సరుకుకు 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు వర్తిస్తాయి. తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు సంప్రదించవలసిన వివరాలు చీటీపై ఉండాలి.

ఆహార చట్టం మరికొన్ని వివరాలు కోరుతుంది. దినుసులను ఎక్కువ పాళ్లలో ఉన్నవాటితో మొదలుపెట్టి వరుసగా రాయాలి. శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు, అనుమతి సంఖ్య, వాడవలసిన గడువు తేదీ ముద్రించాలి. పాలు, వేరుసెనగ వంటివి కొందరి శరీరానికి సరిపడవు. అవి కలిసినప్పుడు ఆ సంగతిని ప్రత్యేకంగా తెలపాలి. ఇటువంటి వారికి ఆ చిన్న చీటీయే ప్రాణరక్షణ.

పన్ను, స్థానిక అనుమతులు

వస్తుసేవల పన్ను 2017 జులై 1న వచ్చింది. 2019 ఏప్రిల్ నుండి, రాష్ట్రంలోపలే సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 40 లక్షల రూపాయల వరకు పన్ను నమోదునుండి మినహాయింపు కల్పించారు. తెలంగాణ మాత్రం 20 లక్షల పరిమితినే కొనసాగించింది. పన్ను వర్తించే ఆహారపదార్థాలను పొరుగు రాష్ట్రంలోని కొనుగోలుదారులకు అమ్మినప్పుడు ఈ మినహాయింపు వర్తించదు. విజయవాడలో చేసిన పచ్చడిని బెంగుళూరుకు అమ్మేవారు ఈ తేడాను గుర్తించాలి.

నివాసగృహంలో వ్యాపారం సాగించేటప్పుడు పురపాలక సంఘం లేదా గ్రామ పంచాయతీ అనుమతి అవసరమేమో విచారించాలి. అద్దె ఇంటివారు యజమాని సమ్మతి పొందాలి. 2020 జులై 1న మొదలైన ఉద్యం నమోదు ఉచితం. అది చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చి, బ్యాంకు రుణం పొందడానికి తోడ్పడుతుంది. కాని అది ఆహార నమోదుకు ప్రత్యామ్నాయం కాదు.

పేరు నిలిపే సంఖ్య

అనుమతి అనగానే భయపడి వెనుకంజవేసేవారు పోగొట్టుకొనేది ఏమిటి? నమోదు లేని తయారీదారు సరుకును పెద్ద దుకాణం నేరుగా తీసుకోదు. అప్పుడు ఆమె తన పచ్చడిని మరొక వ్యాపారికి తక్కువ ధరకు ఇస్తుంది. అతడు తన పేరుతో చీటీ అంటించి అమ్ముతాడు. రుచి ఆమెది, పేరు, లాభం అతనివి. చట్టం కోరే చీటీపై తయారీదారు పేరు తప్పనిసరి అనడంలో తినేవారికి రక్షణ ఎంత ఉన్నదో, చేసేవారికి గుర్తింపు కూడా అంతే ఉన్నది.

1959లో ముంబయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మేడమీద అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. తొలినాడు వారు చేసినవి నాలుగు పొట్లాలు. 1966లో వారు తమ సంస్థను సంఘాల చట్టం కింద నమోదు చేసుకొన్నారు. అదే నేడు దేశమంతటా ప్రసిద్ధమైన లిజ్జత్ అప్పడం. సంస్థాపకులలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ లభించింది. నమోదు ఒక్కటే వారిని ఇంతవారిని చేయలేదు. శ్రమ, నాణ్యత, ఐకమత్యం చేశాయి. అయితే ఆ శ్రమ మరొకరి పేరుతో చెలామణి కాకుండా, వారి పేరుతోనే లోకానికి అందింది.

కాబట్టి అనుమతి గృహ పరిశ్రమకు సంకెల కాదు. అది చూడని వంటింటిని నమ్మమని తినేవారికి ఇచ్చే పూచీ, చేసిన చేతిని మరచిపోనీయని గుర్తు. స్వయం ఉపాధి మార్గంలో అడుగిడే యువత ఈ రెండు ప్రయోజనాలను గ్రహించి, తొలి పొట్లం గడప దాటకముందే నమోదు పూర్తిచేసుకోవడం శ్రేయస్కరం.

ప్రశ్నలు

1. ఇంటి వంటకు అక్కరలేని అనుమతి అమ్మకానికి ఎందుకు అవసరమో వివరించండి.
2. ఆహార నమోదు విషయంలో దరఖాస్తుదారుకు, అధికారికి గల బాధ్యతలను తెలపండి.
3. పొట్లంపై ఉండవలసిన వివరాలేవి? అవి ఎవరికి, ఎలా మేలు చేస్తాయి?
4. “రుచి ఆమెది, పేరు, లాభం అతనివి” అనే వాక్యంలోని ఆంతర్యాన్ని చర్చించండి.