ఎర్రటి గెడ్డ దారిలో కడలి దాకా

ఉదయగిరి, దుత్తలూరు మెట్టలో ఎర్రనేల ఎవరికీ కొత్త కాదు. దుక్కి దున్నితే ఎరుపు, వాన కురిస్తే వాగులో ఎరుపు. అదే ఎరుపు సముద్రపు ఒడ్డున కొండల్లా పేరుకుని, అదీ మట్టిగా కాక ఇసుకగా కనిపిస్తే మాత్రం మెట్టవాళ్లం కూడా ఆగి చూస్తాం. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే తీరం వెంట ఉన్న ఎర్రమట్టి దిబ్బలు అలాంటివి.

చాలామంది పైనుంచే ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. అది చూసినట్టు కాదు. జీడిమామిడి, సరుగుడు చెట్లు దాటి వాన నీరు కోసిన గెడ్డల్లోకి దిగాలి. ఎండ రోజుల్లో అడుగున చుక్క నీరుండదు. మెత్తటి ఇసుకలో పాదం దిగబడుతూ నడక బరువెక్కుతుంది. ఇరువైపులా నిట్టనిలువుగా లేచిన గోడల మీద వాన చారలు పైనుంచి కింది దాకా కనిపిస్తాయి. పొద్దున నారింజ రంగులో ఉన్న గోడ, పొద్దు వాలేసరికి ఇటుక రంగుకి తిరుగుతుంది. ఎన్నో మలుపులు తిరిగాక గెడ్డ మనల్ని తీరానికి చేరుస్తుంది.

ఈ ఇసుక ఎక్కడిది? సుమారు 20 వేల ఏళ్ల కిందట మంచుయుగం ముదిరినప్పుడు చాలా నీరు మంచుగా గడ్డకట్టి, ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా పడిపోయింది. ఒడ్డు దూరంగా జరిగింది. బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుప ఖనిజాలు గాలికీ తడికీ తుప్పుపట్టి, ఆ తుప్పు ప్రతి రేణువు చుట్టూ పల్చటి పొరగా అంటుకుంది. ఆ పొర కింద ఉన్నది మామూలు పలుగురాతి ఇసుకే. తమిళనాడులోని తేరి దిబ్బలు, శ్రీలంక తీరంలోని ఎర్ర ఇసుక దిబ్బలు వీటికి చుట్టాలు.

తీరానికి చేరాక కిందికి చూడండి. భీమునిపట్నం ఒడ్డున లేత రంగు ఇసుక మీద నల్లటి, ఊదా ఎరుపు చారలు కనిపిస్తాయి. నల్లనివి ఇల్మనైట్, ఎర్రనివి గార్నెట్. తూర్పు కనుమల రాళ్లు అరిగి, వాగుల వెంట కొట్టుకొచ్చిన గింజలవి. చేటతో చెరిగితే పొట్టు ఎగిరి బియ్యం మిగిలినట్టు, అల తేలిక ఇసుకను లాక్కుపోతుంది, బరువైన ఖనిజం ఒడ్డునే నిలుస్తుంది.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో ఈ దిబ్బలను భూవారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు వీటికీ చోటు దక్కింది. గర్వపడాల్సిందే. కానీ నాకు గర్వం కంటే దిగులే ఎక్కువ. ఈ గోడలు రాయి కావు, వదులుగా పేరుకున్న ఇసుక. పైన నేల చదును చేసినా, చెట్లు కొట్టినా, వాన నీరు కొత్త దారి వెతుక్కుని గోడలను కూల్చేస్తుంది. మంచుయుగపు గాలి పోసిన ఇసుకను మళ్లీ పోసే యంత్రం ఎవరి దగ్గరా లేదు.

వెళ్లండి, పిల్లలను తప్పక తీసుకెళ్లండి. ఎంతవరకు నడవనిస్తారో అక్కడే అడిగి తెలుసుకోండి. గెడ్డ అడుగునే నడవండి. గోడలు ఎక్కకండి, వాటి మీద పేర్లు చెక్కకండి. గుప్పెడు ఇసుక కూడా ఇంటికి తేకండి.