బ్లీచింగ్ వాసన వస్తే చాలదు

చెప్పులు బయటే విప్పించి, పూటకొక్కరినే లోపలికి పంపే గదిలోకి సూక్ష్మజీవులు మాత్రం ఎలా వస్తాయి? ఐసీయూ గురించి చాలామంది ధీమా ఇదే. డబ్బున్న ఆసుపత్రి అయితే మరీను.

2011 జూన్‌లో అమెరికాలోని బెథెస్డాలో ఉన్న జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్ఐహెచ్) ఆసుపత్రి అయిన క్లినికల్ సెంటర్‌కు న్యూయార్క్ నుంచి 43 ఏళ్ల మహిళను తీసుకొచ్చారు. ఆమె ఒంట్లో కార్బపెనెమ్ లాంటి గట్టి మందులకు కూడా లొంగని క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా ఉందని డాక్టర్లకు ముందే తెలుసు. అందుకే విడిగా ఉంచారు. గౌను, గ్లవ్స్ లేనిదే ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. జులై మధ్యలో ఆమె డిశ్చార్జి అయింది. హమ్మయ్య అనుకున్న మూడు వారాలకు మరో రోగిలో అదే క్రిమి బయటపడింది. ఆపైన ఇంకొకరు, ఇంకొకరు. మొత్తం 18 మందికి సోకింది, 11 మంది చనిపోయారు. వారిలో ఆరుగురిని బలిగొన్నది ఈ ఇన్ఫెక్షనేనని తేల్చారు.

ఎన్ఐహెచ్ శాస్త్రవేత్త జూలీ సెగ్రే బృందం రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియా జన్యువులను అక్షరం అక్షరం పోల్చి చూస్తే అన్నిటికీ మూలం ఆ మొదటి మహిళేనని తేలింది. సింకు గొట్టాల్లోనూ అది దొరికింది. శుభ్రం చేసి పెట్టిన వెంటిలేటర్ మీద కూడా!

జ్వరం లేదు, దగ్గు లేదు, ఇక ఇన్ఫెక్షన్ ఎక్కడిదని అడిగేవాళ్లకు జవాబు కూడా ఈ కథలోనే ఉంది. క్లెబ్సియెల్లా పేగుల్లో వారాల తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు. మనిషికి ఏ బాధా ఉండదు, పక్క మంచానికి మాత్రం అంటిస్తాడు. అలాగని స్వాబ్‌లో పాజిటివ్ రాగానే ఇంజెక్షన్ మొదలుపెట్టమని బంధువులు పట్టుబట్టడమూ సరికాదు. జబ్బు చేయకుండా ఊరికే ఉన్న క్రిమికి యాంటీబయాటిక్ వాడితే మిగతా మంచి బ్యాక్టీరియా పోయి దానికే చోటు పెరుగుతుంది.

‘ఒళ్లు మందుకు అలవాటు పడిపోయింది’ అన్నది మరో మాట. మొండికేసేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. ఆ మొండి క్రిమి పక్కవారి నుంచి వస్తే, జీవితంలో ఒక్క మాత్ర మింగనివాడికీ మందు పనిచేయదు.

అప్పుడు ‘లేటెస్ట్ మందు వేయండి’ అంటారు. చాలాచోట్ల చివరికి చేతికొచ్చేది కొలిస్టిన్. అది 1950ల నాటి మందు, కిడ్నీలను దెబ్బతీస్తోందని 1970ల్లో పక్కన పెట్టేశారు. వేరే దారి లేకే మళ్లీ బయటికి తీశారు.

ఇక గ్లవ్స్. అవి వేసుకుంటే చేతులు కడగక్కర్లేదనుకోవడం అన్నిటికంటే ప్రమాదం. అదే గ్లవ్‌తో మంచం కమ్మీ పట్టుకుని, మానిటర్ బటన్ నొక్కి, ఆపైన సెలైన్ గొట్టం ముట్టుకుంటే అది ఎవరిని కాపాడినట్టు? బెథెస్డాలో సిబ్బంది చేతులు కడుగుతున్నారో లేదో చూడటానికే మనుషులను కాపలా పెట్టాల్సి వచ్చింది.

అమెరికాలోనే మిషిగన్ రాష్ట్రంలో వంద పైచిలుకు ఐసీయూలు కలిసి, పెద్ద రక్తనాళంలో పెట్టే సెంట్రల్ లైన్ విషయంలో కొన్ని మామూలు పనులనే పట్టుదలగా చేశాయి: చేతులు కడుక్కోవడం, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ రాయడం, లైన్ అవసరం తీరగానే తీసేయడం లాంటివి. 18 నెలలకల్లా ఆ లైన్ వల్ల రక్తంలో వచ్చే ఇన్ఫెక్షన్లు లైన్ ఉంచిన ప్రతి వెయ్యి రోజులకు సగటున 7.7 నుంచి 1.4కు దిగాయి. రాని ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్‌తో పనే లేదు.