గాజుతొట్టిలో పచ్చని తివాసి

ముంగిట తులసికోటయు, పెరటిలో మల్లెపందిరియు ఇంటి కెట్లు శోభ గూర్చునో, నేడు పెక్కు గృహములయందు గాజుతొట్టిలోని చేపలును నీటిమొక్కలును అట్లే కన్నులపండువు చేయుచున్నవి. అందును తొట్టి యడుగున పచ్చిక పఱచినట్లు అల్లుకొను చిఱుమొక్కలపై మనకు మక్కువ మిక్కుటము. అయితే అవి నాటిన పది పదునైదు దినములలో ఆకులు పసుపువన్నె దిరిగి, కరగి, క్రుళ్లుట కలదు. అది చూచి ఇల్లాలు నిరాశ చెంది వానిని పెఱికి పాఱవేయును. నిజమునకు వానిలో పెక్కింటి వేళ్లు అప్పటికిని సజీవములై యుండును. నెల్లూరు సముద్రతీరమున నివసించు మనకు నీటిలోని ఉప్పును, వేసవి యెండయు అదనపు చిక్కులు. వీనిని దాటు మార్గమును తెలిసికొందము.

గాజుతొట్టిలో చేపలను, మొక్కలను కలిపి పెంచు విద్య క్రొత్తది కాదు. చేపలు, మొక్కలు, నత్తలు ఒకదాని నొకటి పోషించుకొనుచు ఒకే తొట్టిలో బ్రదుకగలవని రాబర్టు వారింగ్టను అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో వెల్లడించెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథమువలన ‘అక్వేరియము’ అను పేరు లోకమున వ్యాపించెను. తొట్టి యడుగును పచ్చికబయలువలె తీర్చు పద్ధతికి ప్రఖ్యాతి దెచ్చినవాడు జపానుదేశీయుడగు తకాషి అమానో (1954–2015).

మొదట ఆకులేల కరగునో తెలియవలెను. అంగళ్లలో దొరకు ఈ మొక్కలను తోటలవారు పెక్కుసారులు వేళ్లు మాత్రము తడిలోను, ఆకులు గాలిలోను ఉండునట్లు పెంచుదురు. గాలికి అలవడిన ఆకు నీట మునిగినపుడు దానికి శ్వాస సరిగ నాడదు. కావున మొక్క ఆ ప్రాత ఆకులను విడిచి, నీటికి తగిన లేత ఆకులను తొడుగును. పుట్టినింటి నుండి మెట్టినింటికి వచ్చిన పిల్లకు కొంతకాలము బెంగ యుండదా? ఇదియు నట్టిదే. క్రుళ్లిన ఆకులను మాత్రము చిన్న కత్తెరతో తీసివేయుచు, వేళ్లను కదల్పక, మూడు నాలుగు వారములు ఓర్పు వహింపవలెను. నడుమ చిన్న పచ్చని చిగురు కనబడెనా, మొక్క నిలద్రొక్కుకొన్నట్లే.

నాటునపుడు మొక్కల ముద్దను ఉన్నదున్నట్లు పాతరాదు. దానిని చిన్న చిన్న పిలకలుగా విడదీసి, శ్రావణముతో పట్టి, అంగుళము ఎడముగా, కొనలు మాత్రము పైకి కనబడునట్లు నాటవలెను. ముద్దగా నాటినచో లోపలి మొక్కలకు వెలుతురు చాలక అడుగు క్రుళ్లును.

అడుగున పఱచు ఇసుక విషయమున మనవారు మిక్కిలి జాగరూకత వహింపవలెను. మైపాడు తీరమున ఇసుక చేరువలో నున్నదని తెచ్చి పోయుట తగదు. అందు ఉప్పే కాక గుల్లల పొడియు కలదు. ఆ పొడి మెల్లమెల్లగా కరగి నీటిలో సున్నపుపాలు హెచ్చించును. ఏ ఇసుకనైనను చారెడు గిన్నెలో వేసి వెనిగరు పోసి చూడుడు. బుసబుస పొంగినచో అందు సున్నము కలదని యెఱుంగుడు. పొంగని ముతక ఏటియిసుకను, కడుగునీరు తేటపడు వఱకు కడిగి వాడుట మేలు.

ఇక నీరు. తీరగ్రామములలో కొన్ని బావులనీరు ఉప్పన. రొయ్యల చెరువులు వ్యాపించిన చోట్ల మంచినీటి బావులు సయితము ఉప్పెక్కుచున్న సంగతి సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పులోను ప్రస్తావనకు వచ్చినది. నాలుకకు ఉప్పు తెలియు నీరు ఈ సుకుమారపు మొక్కలకు పనికిరాదు. రొయ్యలు పెంచువారికై నీటిపరీక్ష చేయు ప్రయోగశాలలు మన ప్రాంతమున గలవు గదా! ఒక సీసాడు నీటిని పంపి, ఉప్పెంత, కాఠిన్యమెంత అని అడిగి తెలిసికొనవచ్చును. మన జిల్లాకు ఈశాన్య ఋతుపవనముల వానలే ముఖ్యాధారము. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియు వానలో మొదటి జల్లును విడిచి, పిమ్మటి నీటిని శుభ్రమైన పాత్రలలో పట్టి మూతవేసి దాచినచో, బావినీటితో కలిపి వాడుకొనవచ్చును.

తొట్టిలో నీరు ఆవిరియై పోవును గాని, ఉప్పు పోదు. కావున తఱిగినపుడెల్ల బావినీరే పోయుచుండిన, నెలనెలకు ఉప్పు పేరుకొనును. తఱిగినదానికి వాననీటినే పోయుడు. సారవంతమైన మన్ను అడుగున వేసినచో మొదటి వారములలో అమ్మోనియా వెలువడును. అందుచేత తొలివారము రెండు దినములకొకసారి, పిమ్మట వారమునకొకసారి కొంత నీరు మార్చుట అవసరము. తీసివేసిన నీరు వ్యర్థము కాదు, మల్లెపాదుకు మంచి యెరువు.

వెలుతురు అధికమైన కొలది మేలని తలపకుడు. మొదట దినమునకు ఆరుగంటల దీపకాంతి చాలును. చిగుళ్లు వచ్చిన పిదప ఎనిమిది గంటల వఱకు పెంచవచ్చును. తిన్నని యెండ తగిలినచో మొక్కలకంటె ముందు నాచే పెరుగును. వేసవిలో మనయెడ ఎండ నలువది డిగ్రీలు దాటును. కావున పడమటిగోడ ప్రక్కను తొట్టి నుంచరాదు. నీటిమీదుగ గాలి వీచునట్లు చిన్న విద్యుద్వీవనను పెట్టినచో నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడును.

మొక్కల కాహారమగు బొగ్గుపులుసు వాయువు వేడినీటిలో తక్కువగా కరగును. పంచదార, ఈస్టు, నీరు కలిపిన సీసానుండి సన్నని గొట్టము ద్వారా ఆ వాయువును పంపువారు కలరు. గొట్టము లేకుండ ఆ సీసాకు బిగువుగా మూతవేయరాదు, పగులును. వాయువు మితిమీరిన చేపలకు ప్రాణాపాయము. చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుచున్నచో వెంటనే గొట్టము తీసి నీటిని కదల్పుడు. అసలు మొదటి నెల చేపలను విడువకుండుటయే ఉత్తమము. మొక్కలు దట్టమైన పిదప పైపైన కత్తిరించుచుండిన, ప్రక్కలకు ప్రాకును. కత్తిరింపనిచో అడుగుపొర క్రుళ్లి తివాసి యంతయు పైకి తేలును.

కత్తిరించిన తునుకలను బకింగుహాము కాలువలోనో, ఊరిచెరువులోనో పడవేయవలదు. అందమైన పూవులకని మన దేశమునకు తేబడిన గుఱ్ఱపుడెక్క నేడు చెరువులను, కాలువలను ఎట్లు పూడ్చుచున్నదో మీరెఱుగుదురు. ఆ తునుకలను ఎండబెట్టి ఎరువుకుప్పలో వేయుడు. మన యింటి తొట్టికి మనమే యజమానురాండ్రము గాని, చెరువు ఊరందఱిది.