ధర పడిన షేరు చవుకదేనా?

షేరుబజారులో ధరలు నానాటికి దిగజారుచున్న కాలమున రెండు విధములైన మదుపుదారులు కనబడుదురు. ఉన్న షేరులను వచ్చిన ధరకు అమ్మి బయటపడవలెనని తొందరపడువారు మొదటివారు. ఇంతటి చవుక మరల రాదని చేతనున్న సొమ్మంతయు తెచ్చి కొనువారు రెండవవారు. ఇరువురును చూచునది ధర నొక్కదానినే. నిన్న 500 రూపాయలు పలికిన షేరు నేడు 200 రూపాయలకు వచ్చినదనుటయే వారి భయమునకును, ఆశకును గూడ మూలము. పిల్లల చదువునకో, పెండ్లికో, వార్ధక్యమునకో కూడబెట్టిన సొమ్ముతో షేరులు కొను గృహస్థునకు ఇట్టి సమయమున కలుగు సందేహములను కొన్నింటిని ఇచట పరిశీలింతము.

“ధర సగమైనది గదా, ఇక చవుకయే గదా?” అనునది మొదటి ప్రశ్న. కూరగాయల అంగడిలో ఈ మాట చెల్లును. వంకాయల ధర తగ్గినంత మాత్రమున వాని రుచి తగ్గదు. షేరు అట్టి సరకు కాదు. అది ఒక వ్యాపారములో భాగము. ధర తగ్గినపుడు ఆ వ్యాపారమే క్షీణించినదేమో విచారింపవలెను. పైగా, ఎంతో పడినది గనుక ఇక పడదనుట లెక్కకు నిలువని మాట. 100 రూపాయల షేరు 80 శాతము పడినచో 20 రూపాయలగును. ఆ ధరకు కొనిన పిమ్మట అది 10 రూపాయలకు దిగినదనుకొందము. మొదటి ధరనుబట్టి చూచినచో పడినది 90 శాతము మాత్రమే. కాని 20 రూపాయలకు కొనినవానికి సగము సొమ్ము పోయినది. పోయినదానిని రాబట్టుకొనుటకు ధర 50 శాతము పెరిగిన చాలదు. నూరు శాతము పెరుగవలెను.

“బజారు ఎప్పటికైనను కోలుకొనును గదా, ఓర్చి కూర్చుండిన చాలదా?” అనునది రెండవ ప్రశ్న. మన దేశపు అనుభవము ఈ ఆశను కొంతవరకు సమర్థించును. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి వారి సెన్సెక్స్ సూచి 2008 జనవరి 8న 20,873 వద్ద ముగిసి, 2009 మార్చి 9 నాటికి 8,160కి దిగినది. 2010 నవంబరులో మరల 21,000 చేరినది. 2020 మార్చి 23న ఒక్క దినముననే 3,934 పాయింట్లు కోల్పోయి 25,981 వద్ద ముగిసిన ఆ సూచియే, అదే సంవత్సరము నవంబరులో పూర్వపు ఎత్తును దాటినది. అన్నిచోట్లను ఇంత శీఘ్రముగా జరుగునని తలపరాదు. జపానులో నిక్కీ సూచి 1989 డిసెంబరులో అందుకొనిన ఎత్తును మరల దాటుటకు 2024 ఫిబ్రవరి వరకు, అనగా 34 సంవత్సరములు, పట్టినది.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. సూచి కోలుకొనుట వేరు, మనయొద్ద నున్న షేరు కోలుకొనుట వేరు. సెన్సెక్స్ 30 కంపెనీల కూర్పు. చతికిలబడిన కంపెనీని అందుండి తొలగించి, మరియొకదానిని చేర్చుచుందురు. కావున కంపెనీలు కొన్ని కూలినను సూచి నిలిచియుండును. 2008 ఆరంభమున 500 రూపాయలకు పైగా పలికిన యూనిటెక్ అను గృహనిర్మాణ సంస్థ షేరు 2009 మార్చి నాటికి 40 రూపాయల లోపునకు దిగినది. సూచి కోలుకొనినది, ఆ షేరు కోలుకొనలేదు. తుదకు 2020 జనవరిలో ఆ కంపెనీ నిర్వహణమును కేంద్రప్రభుత్వము చేపట్టుటకు సుప్రీంకోర్టు అనుమతించినది. అదే 2008లో సూచి సగమునకు పైగా పడగా, సబ్బులు మొదలగునవి అమ్ము హిందుస్థాన్ యూనిలీవర్, మోటారుసైకిళ్లు చేయు హీరో హోండా షేరులు ఆ సంవత్సరాంతమునకు పెరిగియే యుండెను. కష్టకాలము వచ్చినదని జనులు సబ్బు కొనుట మానరు. ఈ రెండు కంపెనీలకును ఋణభారము స్వల్పము. ఇల్లు కొనుటను మాత్రము ఎవరైనను వాయిదా వేయగలరు. అప్పు తెచ్చి భూములు కొనిన సంస్థకు వడ్డీ వాయిదా పడదు.

“అట్లయినచో తట్టుకొని నిలుచు కంపెనీని గుర్తించుట యెట్లు?” అందురేమో. వార్షిక నివేదికలో మొదట ఋణములను చూడవలెను. ఉదాహరణమునకు రెండు కంపెనీలకు వడ్డీ చెల్లింపక పూర్వపు లాభము చెరి 100 కోట్ల రూపాయలనుకొందము. మొదటిది కట్టవలసిన వడ్డీ 20 కోట్లు, రెండవది కట్టవలసినది 80 కోట్లు. వ్యాపారము మందగించి లాభము 70 కోట్లకు తగ్గినపుడు మొదటిదానికి ఇంకను 50 కోట్లు మిగులును; రెండవది వడ్డీకే 10 కోట్లు వెదకికొనవలెను. దెబ్బ ఒక్కటే, ఒకటి నిలిచినది, రెండవది అప్పులవారి వాకిట నిలుచున్నది. అప్పులో ఎంత భాగము ఏడాదిలోపల తీర్పవలసియున్నదో గూడ గమనింపవలెను. పిదప లాభనష్టముల లెక్కను, నగదు రాకపోకల పట్టికను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఏటేట లాభము కనబరచుచు నగదు మాత్రము రాని కంపెనీ విషయమున జాగరూకత అవసరము. డివిడెండును చూచి మోసపోరాదు. నిరుడు పంచిన డివిడెండును నేటి పడిన ధరతో భాగించినచో రాబడి ఆకర్షణీయముగానే కనబడును. కాని అది నిరుటి మాట. ఈ యేడు పంచగలరా అనునదే ప్రశ్న.

“లెక్కలే అసత్యములైనచో?” అను ప్రశ్న తెలుగువారికి అనుభవపూర్వకమైనది. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ షేరు 2008 మే మాసమున 500 రూపాయలకు పైగా పలికి, 2009 జనవరి 6 నాటికి 179 రూపాయలకు దిగియుండెను. చవుకయని కొనినవారును కలరు. మరునాడే సంస్థాధ్యక్షుడు రామలింగరాజు, పుస్తకములలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని లేఖ వ్రాసెను. ఆ దినముననే షేరు 40 రూపాయల చుట్టుప్రక్కలకు పడిపోయినది. ఆ ఏప్రిలులో టెక్ మహీంద్రా 58 రూపాయల ధరకు వాటాను కొని ఆ సంస్థను నిలబెట్టినది.

మోసమును పసిగట్టుట సామాన్యునకు దుష్కరమే. అయినను సూచనలు కొన్ని కనబడకపోలేదు. 2008 డిసెంబరులో అధ్యక్షుని కుటుంబమువారి రెండు కంపెనీలను కొనబోయి, మదుపుదారుల నిరసనకు జంకి ఆ సంస్థ కొన్ని గంటలలోనే వెనుకకు తగ్గినది. యజమానులు తాకట్టు పెట్టిన షేరులను అప్పిచ్చినవారు అమ్ముకొనుచుండిరి. ఈ ఉదంతము తరువాతనే, 2009 జనవరిలో, సెబీ సంస్థ ప్రమోటర్ల తాకట్టు వివరములను వెల్లడింపవలెనని నిర్బంధించినది. స్టాక్ ఎక్స్ఛేంజికి కంపెనీలు మూడు నెలల కొకసారి పంపు వాటాదారుల పట్టికలో ఈ వివరము ఎవరైనను చూచుకొనవచ్చును. యజమానియే తన షేరులను కుదువబెట్టియున్న చోట మన సొమ్ము పెట్టుటకు ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచింపవలెను. మన ఊరి కంపెనీ యను అభిమానము ఈ పరిశీలనకు బదులు కాజాలదు.

“ఎక్కువ ధరకు కొనిన షేరునే ఇప్పుడు మరికొన్ని కొని సగటు ధర తగ్గించుకొనవచ్చునా?” అని పలువురడుగుదురు. సగటు తగ్గుట కాగితముపై కనబడు ఓదార్పు. ఆ కంపెనీకి దానితో నిమిత్తము లేదు. వేసికొనదగిన ప్రశ్న ఒక్కటే: ఈ షేరు నాయొద్ద లేకయుండినచో నేడు క్రొత్తగా దీనిని కొందునా? కొననను సమాధానము వచ్చినచో సగటు కొరకు కొనుటయు తగదు. అందుకై అప్పు చేయుట గోరుచుట్టుపై రోకటిపోటు.

ఇక ఎప్పుడు కొనవలెననునది చివరి ప్రశ్న. అడుగు పట్టిన దినమును ముందుగా గుర్తింపగలవారు లేరు. కావున ఉద్దేశించిన మొత్తమును ఒక్కసారిగా గాక కొన్ని నెలలకు పంచి, పలు వ్యాపారములకు చెందిన కంపెనీలలో పెట్టుట మేలు. నివేదికలు చదువుటకు తీరిక లేనివారికి సూచిలోని కంపెనీలన్నింటిని కొను ఇండెక్స్ ఫండులు కలవు. ఒక్క కంపెనీ కూలినను అందు సర్వస్వము పోదు. ఏ మార్గమైనను, మూడు నాలుగేండ్లలో అవసరపడు సొమ్మును షేరులలో పెట్టరాదు. పెండ్లి ముహూర్తము బజారు కోలుకొనువరకు ఆగదు గదా. కంపెనీ ఋణమును చూచినట్లే మన అవసరమును గూడ చూచుకొనవలెను. ధరలు పడినపుడు వేచియుండగల కంపెనీయే నిలుచును. వేచియుండగల మదుపుదారునకే దాని ఫలము దక్కును.