కలుపు తీసే చేతికి ఊడలు తెలియాలి

రాప్తాడు చుట్టుపక్కల పల్లెల్లో చెనిక్కాయ వేసేవారికి ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. విత్తిన 45 రోజుల లోపే గుంటక తోలాలి, కలుపు తీయాలి. ఆ తర్వాత ఊడలు నేలలోకి దిగుతాయి. అప్పుడు మట్టిని కదిలిస్తే కలుపుతోపాటు కాయా పోతుంది. పోనీ మొదట్లోనే వదిలేస్తే, అరకొరగా కురిసిన వాన కాస్తా గడ్డే తాగేస్తుంది.

సంఘంలో తప్పు దిద్దడం కూడా ఇటువంటి సేద్యమే. గోధుమల్లో గురుగులు కనబడినప్పుడు పెరకవద్దని యజమాని పనివారిని ఆపిన ఉపమానం మనకు తెలుసు (మత్తయి 13:29). దాన్ని చూపించి, సంఘంలో ఎవరినీ ఏమీ అనకూడదని వాదించేవారున్నారు. అయితే ఆ పొలం లోకమని ప్రభువే వివరించాడు. సహోదరుడు తప్పు చేస్తే ఏం చేయాలో అదే సువార్త 18వ అధ్యాయంలో వేరుగా చెప్పాడు. మొదట ఒంటరిగా వెళ్లాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకోవాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి తెలపాలి. ఇదంతా ఆ సహోదరుణ్ణి తిరిగి దక్కించుకోవడానికే.

మన మధ్య ఈ వరుస తలకిందులైంది. తప్పు సంగతి మొదట వీధికి తెలుస్తుంది, తర్వాత ప్రసంగంలోకి వస్తుంది, చేసినవాడి చెవికి చిట్టచివర చేరుతుంది. ఇతరుల మాట ఎందుకు, మేమూ అదే చేశాం. వానలు ముఖం చాటేసిన ఏడాది మా సహోదరుడొకరు తాగుడుకు అలవాటుపడ్డాడు. పెద్దలమైన మాలో ఒక్కరమూ అతని గడప తొక్కలేదు. ఆదివారం ఆరాధనలో మాత్రం అతని పేరెత్తి గట్టిగా ప్రార్థించాం. అది ప్రార్థన కాదు, చాటింపు. మరుసటి వారం ఆ కుటుంబం మందిరానికి రాలేదు. కొన్నాళ్లకు పని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లిపోయింది. బోరు ఎండిపోయి అతను అప్పుల్లో మునిగిపోయాడని మాకు ఆ తర్వాతే తెలిసింది.

కొరింథులో శిక్ష పొందిన మనిషి గురించి పౌలు ఎంత కంగారుపడ్డాడో చూడండి. ఇక చాలు, అతణ్ణి క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడని రాశాడు (2 కొరింథీ 2:6-8). మేము ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివామో!

మరి చిన్నవారు పెద్దవారిని దిద్దవచ్చా? అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేయడం మానేసినప్పుడు పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ 2:11-14). తప్పు అందరి ముందు జరిగింది, కాబట్టి మాట కూడా అందరి ముందే వచ్చింది. అదే పౌలును పేతురు పత్రిక తర్వాత ప్రియ సహోదరుడని పేర్కొంటుంది (2 పేతురు 3:15).

మన తెలుగు నేలకు సంబంధించిన ఉదాహరణా ఉంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి దోర్నకల్‌కు సేవకు వచ్చిన వి.ఎస్. అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాట్లాడారు. సుమారు 1,200 మంది ప్రతినిధులు, అత్యధికులు పాశ్చాత్యులు. మిషనరీల త్యాగాన్ని ఆయన మనసారా ఒప్పుకున్నారు. అయినా వారిలో స్నేహం కొరవడిందని, ఇప్పుడు మాకు కావలసింది స్నేహితులేనని నిర్మొహమాటంగా చెప్పారు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. 1912 డిసెంబర్ 29న ఆయనే ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందారు.

లెక్క చెప్పడం కూడా దిద్దుబాటులో భాగమే. యెరూషలేము పరిశుద్ధుల కానుకను పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా తోటి సహోదరులను వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:19-21). అపొస్తలునికే ఆ జాగ్రత్త అవసరమైతే మన కానుకల పెట్టె సంగతేమిటి?

మా కోత పండుగ లెక్కలు చదివిన రోజున వెనక వరుసలో ఒక అవ్వ లేచింది.

"రెండు మూటలు చెనిక్కాయలు ఇచ్చింటిమి గదా అయ్యగారూ, అవి లెక్కలో రాలే."

"లెక్కలు నీకెందుకులే అవ్వా, కూర్చో" అన్నాడు మా పెద్దల్లో ఒకాయన. పాస్టరుగారు ఆయన్ను ఆపి పుస్తకం తిరగేయించారు. మూటలు అమ్మిన డబ్బు మందిరం రేకుల మరమ్మతుకు ఖర్చయింది. ఎవరూ తినలేదు గాని, ఎక్కడా రాయలేదు. మరుసటి ఆదివారం పాస్టరుగారే లేచి అవ్వకు క్షమాపణ చెప్పి, లెక్క మళ్లీ చదివారు. "సరిపోయిండాది అయ్యగారూ" అంది అవ్వ, కూర్చున్న చోటు నుంచే.

ఆ రోజు ఆరాధన అయ్యాక పెద్దలం చాలాసేపు మందిరంలోనే ఉండిపోయాం. బెంగళూరు వెళ్లిన కుటుంబం క్రిస్మస్‌కు ఊరొస్తుందని ఎవరో అన్నారు. వాళ్లు రాగానే మాలో ఇద్దరం ఇంటికి వెళ్లి, ఆనాటి ప్రార్థనకు ముందు మేము క్షమాపణ అడగాలని అనుకున్నాం. అంతవరకూ ఈ సంగతి బయట ఎవరికీ చెప్పకూడదని కూడా.