టిఫిన్ డబ్బాలో గాజులు

ఇబ్రహీంపట్నం బస్టాండుకు దగ్గర్లో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, చీరలకు ఫాలు, పికో... ఇదీ నా లోకం. 2023 ఆగస్టులో ఓ సాయంత్రం, సాగర్ రోడ్డు మీదున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ పీడీ మేడమ్ వచ్చి పన్నెండు జెర్సీలు బల్ల మీద కుప్ప పోశారు.

“అక్కా, చంకల్లో డబుల్ కుట్టు వెయ్యాలె. ఒక్క గుంజుడుకే చినిగిపోతున్నయి” అన్నారు.

అమ్మాయిల కబడ్డీ జట్టువట. ఒక్కొక్కటే మడతపెడుతుంటే అయిదో జెర్సీ వీపు మీద మా చిన్నమ్మాయి పేరు! నెల రోజులుగా “ల్యాబ్ ఉండె అమ్మా, కాలేజీ బస్సు పోయింది” అంటూ ఏడింటికి ఇల్లు చేరుతున్న పిల్ల అసలు సంగతి ఇదన్నమాట.

రాత్రి నిలదీశాను. “చెప్తే నాన్న ఆడనిస్తడా?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఏడో తరగతి దాకా నేనూ చెడుగుడు ఆడినదాన్నే. పెద్దమనిషినయ్యాక మా నాయనమ్మ ఆట మానిపించింది. “సబ్జెక్టు ఒక్కటి తప్పినా నేనే మీ నాన్నకు చెప్తా” అని బెదిరించి ఊరుకున్నాను.

ఆ తర్వాత షాపు కట్టేసి అప్పుడప్పుడూ ప్రాక్టీసు చూడ్డానికి వెళ్లేదాన్ని. మేం బొగ్గుతో గీతలు గీసుకుని ఆడిన ఆటకు ఇన్ని లెక్కలున్నాయా అనిపించింది. ఆడవాళ్ల కోర్టు పొడవు 12 మీటర్లు, వెడల్పు 8. మగవాళ్లదయితే 13, 10. మనకు ఆటలో ఒక్కో సగం 15 నిమిషాలు, వాళ్లకు 20. ఆడవాళ్ల బరువు 75 కిలోలు దాటకూడదు. కూతకెళ్లిన పిల్ల 30 సెకన్లలో తిరిగి రావాలి. ఇవన్నీ సరే, నన్ను ఆశ్చర్యపరిచిన నియమాలు వేరే ఉన్నాయి. గోళ్లు పూర్తిగా కత్తిరించుకోవాలి, ఒంటి మీద నగ ఉండకూడదు, ఒంటికి నూనె రాసుకోకూడదు. మరి మనం ఆడపిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు చేసేవేమిటి? గోళ్లకు రంగు, చేతికి గాజులు, తలకు నూనె!

గ్రౌండు పక్కన ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఉండేది. కమ్మలు, గాజులు, ముక్కుపుడకలు అన్నీ తీసి అందులో వేసి దిగేవారు. నేను వెళ్లిన రోజున ఆ డబ్బాకు కాపలా నేనే.

రెండో సగానికల్లా కొందరు ఆయాసపడేవారు. మేడమ్ రక్తపరీక్షలు చేయిస్తే నలుగురికి హిమోగ్లోబిన్ తక్కువని తేలింది. వింతేముంది చెప్పండి? మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ వారం నుంచి నా సంచీలో ఉడకబెట్టిన గుడ్లు, పల్లీపట్టీలు కూడా చేరాయి.

అక్టోబరు 7, శనివారం. చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల మహిళల కబడ్డీ ఫైనల్. ప్రాక్టీసు ఆపి పన్నెండు మందీ ఒకే ఫోను చుట్టూ మూగారు. ఈ క్రీడల్లో అమ్మాయిల కబడ్డీ మొదలైంది 2010లో. ఆ ఏడూ, 2014లోనూ బంగారం మనదే. 2018లో ఇరాన్ చేతిలో పోయింది. ఈసారి చైనీస్ తైపీ మీద 26–25తో మళ్లీ గెలిచాం. ఆ క్రీడల్లో మన దేశానికి అది నూరో పతకం. మా పిల్లల అరుపులకు చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

దసరాకు జట్టులో బాగా కూతకెళ్లే పిల్లకు నిశ్చితార్థం జరిగింది. మరుసటి వారం డబ్బాలో గాజులతోపాటు కొత్త ఉంగరం కూడా చేరింది. నాలుగు రోజులు గడిచాయో లేదో, ఆ పిల్ల రావడం మానేసింది. మోచేతి మీద గీరుకుపోయిన గుర్తు అత్తగారి వాళ్లు చూశారట. నేనూ మేడమూ యాచారం వైపున్న వాళ్ల ఊరికి వెళ్లాం. వాళ్లమ్మ చాయ్ ఇచ్చి కూర్చోబెట్టి, “రేపు మొహం మీద దెబ్బ తాకితే, ఈ సంబంధం పోతే, మీరు తెస్తరా అక్కా ఇంకొకటి?” అంది. ఆమె మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు. గుమ్మం దాకా వచ్చిన ఆ పిల్ల మాత్రం మా మొహాలు చూడలేదు.

ఎన్నికల హడావుడి అయ్యాక, డిసెంబరులో కాలేజీల మధ్య పోటీలు. ఆట మ్యాటు మీద. మా వాళ్లది ఎర్రమట్టి అలవాటు. మట్టిలో ఉత్తకాళ్లతో ఆడతారు, మ్యాటుకు బూట్లు కావాలి. కుట్టుకూలి వదిలేసి, ఆ డబ్బు బూట్లకు వాడుకోమన్నాను. ఇక దాచేదేముందని ఇంట్లోనూ చెప్పేశాను. మా ఆయన డీసీఎం నడుపుతారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు సెమీఫైనల్ జరుగుతుంటే, గోడ పక్కన నిలబడి “కాలు పట్టు... కాలు పట్టు బిడ్డా!” అని అరుస్తున్న గొంతు ఎవరిదా అని చూద్దును కదా, ఆయనదే! కుర్రతనంలో వాళ్ల ఊరి జట్టులో ఆడారట. పెళ్లయిన ఇరవై రెండేళ్లకు నాకా సంగతి తెలిసింది.

మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. చివరి మూడు కూతలకు మా అమ్మాయే వెళ్లింది. వెళ్లాల్సింది ఇంకొక పిల్ల అని పన్నెండు జెర్సీల్లో ఉన్న పదకొండు మందికీ తెలుసు. ఆ పిల్ల అయిదు నిమిషాలకోసారి ఫోనులో స్కోరు అడుగుతూనే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర తండ్రీకూతుళ్లు పట్టు ఎక్కడ జారిందో వాదించుకున్నారు. అన్నం చల్లారిపోయింది.

ఆ టిఫిన్ డబ్బా ఇప్పుడు నా షాపులోనే ఉంది. అడుగున రెండు జతల ఆకుపచ్చ మట్టిగాజులు మిగిలాయి. చివరిసారి ప్రాక్టీసుకు వచ్చిన రోజు ఆ పిల్ల ఉంగరం తీసుకుని గాజులు మరిచిపోయింది. ఇటువైపు వస్తే ఇద్దామని ఉంచాను.