ముసలి పిల్లి, మట్టి డబ్బా, ఒక బగ్ రిపోర్ట్

పదేళ్లు దాటిన పిల్లి ఉన్నట్టుండి లిటర్ బాక్స్ మానేసి సోఫా వెనకో, పూజగది గడప దగ్గరో పోసేస్తే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట "దీనికి పొగరెక్కింది". రెండో మాట "గోనెసంచిలో వేసి మార్కెట్ దగ్గర వదిలేసి రండి". పుట్టినప్పటి నుంచి ఇంట్లో పెరిగిన ముసలి పిల్లి మార్కెట్లో కుక్కల మధ్య ఎన్ని రోజులు ఉంటుందో మీరే ఊహించుకోండి. అందుకే ఈ వ్యాసం కాస్త సీరియస్‌గా రాస్తున్నాను.

లిటర్ బాక్స్‌కి తెలుగు మాట ఏంటని ఫ్రెండ్స్‌ని అడిగితే ఒకడు "మార్జాల శౌచపేటిక" అన్నాడు. మా అమ్మమ్మ "మట్టి డబ్బా" అంటుంది. నేను అమ్మమ్మ పార్టీ.

మా బుజ్జికి 14 ఏళ్లు. నేను యూకేజీలో ఉన్నప్పుడు వచ్చింది. మనుషుల లెక్కలో డెబ్బై దాటినట్టే. ఇన్నేళ్లూ పద్ధతిగా ఉన్న పిల్లి మొన్న వేసవిలో డబ్బా బయట పోయడం మొదలుపెట్టింది. సంచి మాట మా ఇంట్లోనూ వచ్చింది. అన్నది నాన్న. ఆయన చెడ్డవాడేం కాదు, పొద్దున్నే లేచి ఆ తడి తుడిచేది ఆయనే.

అసలు పిల్లికి డబ్బా ఎందుకు?

పిల్లికి మట్టి తవ్వి, పోసి, కప్పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, అది పుట్టుకతో వస్తుంది. డబ్బా మాత్రం మనుషుల ఐడియా. వెనకటికి ఇసుకో, పొయ్యి బూడిదో పెట్టేవాళ్లు. 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లో అనే ఆయన పక్కింటావిడకి బూడిద బదులు నీళ్లు పీల్చే మట్టి గుళికలు ఇచ్చాడు. అవి ఫుల్లర్స్ ఎర్త్, అంటే మనం మొహానికి రాసుకునే ముల్తానీ మట్టి లాంటిదే. పిల్లికి నచ్చింది, ఆయనకి వ్యాపారం దొరికింది. ఇప్పుడు మనం కొనే ఉండకట్టే మట్టి ఎక్కువగా బెంటోనైట్.

అంటే డబ్బా వాడటం పిల్లికి సహజమైన పనే. అది మానేసిందంటే వెనకాల ఏదో కారణం ఉండాలి. మన భాషలో చెప్పాలంటే పద్నాలుగేళ్లు సరిగ్గా రన్ అయిన కోడ్ ఇవాళ ఎర్రర్ ఇస్తోంది. ముందు సిస్టమ్‌లో ఏం మారిందో చూడాలి.

వయసు తెచ్చే కారణాలు

మొదటిది కీళ్లు. పన్నెండేళ్లు దాటిన పిల్లుల ఎక్స్‌రేలు తీసి చూస్తే చాలా వాటిలో కీళ్ల అరుగుదల కనిపిస్తుంది. కానీ పిల్లి కుంటదు, అరవదు, నొప్పి దాచేస్తుంది. అలమర ఎక్కడం మానేస్తుంది, వెనక భాగం నాక్కోవడం తగ్గిస్తుంది. మనం "పెద్దదైంది, కుదురు వచ్చింది" అనుకుంటాం. దానికి అరడుగు ఎత్తు డబ్బా అంచు దాటడం మన అమ్మమ్మలు బస్సు మెట్లు ఎక్కడం లాంటిది.

రెండోది కిడ్నీలు. పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. అందుకే వాటి కిడ్నీలు నీళ్లు పొదుపు చేసి చిక్కటి మూత్రం తయారుచేస్తాయి. ముసలితనంలో ఆ శక్తి పోతుంది. కిడ్నీ పనిలో మూడింట రెండు వంతులు దెబ్బతినేదాకా బయటికి పెద్దగా తెలియదు. తర్వాత మూత్రం పల్చగా, ఎక్కువగా వస్తుంది, దాహం పెరుగుతుంది. డబ్బా త్వరగా నిండిపోతుంది, ఒక్కోసారి అక్కడిదాకా వెళ్లే టైమే ఉండదు. షుగర్, థైరాయిడ్ ఎక్కువవ్వడం కూడా ఇలాగే కనిపిస్తాయి.

మూడోది మూత్రాశయంలో మంట, రాళ్లు, లేదా మలబద్ధకం. డబ్బాలో కూర్చున్నప్పుడల్లా నొప్పి వస్తే పిల్లి ఆ నొప్పికి డబ్బానే కారణం అనుకుని వేరే చోటు వెతుక్కుంటుంది. వీటితోపాటు చూపు తగ్గడం, మతిమరుపు కూడా ఉంటాయి.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. పిల్లి, ముఖ్యంగా మగపిల్లి, మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే అది ఎమర్జెన్సీ. దారి మూసుకుపోయి రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. రేపు చూద్దాం అనకుండా అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

లాగ్ రాయండి

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక వారం లాగ్ పెట్టండి. తేదీ, టైమ్, ఎక్కడ, ఒకటా రెండా, మట్టి ఉండ ఎంత సైజు, నీళ్లు ఎంత తాగింది. పొద్దున గిన్నెలో కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలిస్తే చాలు. కిలో బరువుకి రోజుకి 50 మిల్లీలీటర్లు దాటుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

నేను హాస్టల్లో ఉంటాను కాబట్టి మా అమ్మ ఫోన్లో చెప్తే నేను షీట్‌లో ఎక్కించాను. వారం తర్వాత ఒక ప్యాటర్న్ కనిపించింది. పోసినవాటిలో ఎక్కువ భాగం డబ్బాకి అరడుగు దూరంలోనే ఉన్నాయి. అంటే బుజ్జి డబ్బాదాకా వస్తోంది, ఎక్కలేకపోతోంది. ఉండలు కూడా పెద్దవవుతున్నాయి. ఆ షీట్ చూపిస్తే డాక్టర్‌గారు వెనక కాళ్లు పట్టుకుని చూసి, రక్తం, మూత్రం టెస్ట్ చేయించారు. క్రియాటినిన్ 2.3, మూత్రం పల్చన. కీళ్ల నొప్పి, పైగా రెండో దశ కిడ్నీ జబ్బు.

ఇంట్లో చేయగలిగినవి

డబ్బా పొడవు పిల్లి ఒంటి పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఒకవైపు అంచు రెండు మూడు అంగుళాలకి మించకూడదు. కొనక్కర్లేదు, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్ తీసుకుని ఒకవైపు కోసి, గీరుకోకుండా అంచుకి టేప్ వేస్తే సరి. మట్టి మెత్తగా, వాసన కలపనిదిగా, రెండంగుళాల మందం ఉంటే చాలు. రోజూ ఉండలు తీసేయాలి.

పిల్లులు ఎన్ని ఉంటే అంతకంటే ఒకటి ఎక్కువ డబ్బాలు పెట్టండి. మేడ ఉంటే పైన ఒకటి, కింద ఒకటి. తిండి గిన్నె పక్కనా, వాషింగ్ మెషీన్ పక్కనా వద్దు. రాత్రి చిన్న లైట్ వేసి ఉంచండి. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారకుండా దారిలో పట్టా వేయండి. మా ఇంట్లో దానికి పాత గోనెసంచే పనికొచ్చింది.

చేయకూడనివి

కొట్టడం, ముక్కు ఆ తడికి రాయడం వద్దు. దానికి అర్థమయ్యేది మీరంటే భయం ఒక్కటే.

నీళ్లు తక్కువ తాగితే తక్కువ పోస్తుందని గిన్నె తీసేయడం ఇంకా ప్రమాదం. కిడ్నీ పాడైన పిల్లి నీళ్లు ఆపుకోలేదు, తాగకపోతే ఒళ్లు ఎండిపోతుంది.

ఫినాయిల్‌తో తుడవకండి. ఫినాల్ లాంటి పదార్థాలను విరగ్గొట్టే శక్తి పిల్లి లివర్‌కి చాలా తక్కువ. పాదాలకి అంటింది నాక్కుంటే విషమే. బ్లీచింగ్ మూత్రంతో కలిస్తే మనకే హాని చేసే వాయువులు వస్తాయి. పొడి గుడ్డతో అద్ది, ఎంజైమ్‌లున్న డిటర్జెంట్ నీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లతో తుడవండి. పాత వాసన మిగిలితే పిల్లి అదే చోటికి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, నొప్పి అని పారాసెటమాల్ ఇవ్వకండి. మన జ్వరం బిళ్ల ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

చివరిగా

బుజ్జి కిడ్నీలు మళ్లీ బాగవ్వవు. తడి తిండి, నీళ్లు, మందులతో ఆ జబ్బు నడకని నెమ్మది చేయగలం, అంతే. ఇప్పటికీ వారానికి ఒకసారి గురి తప్పుతుంది. కానీ టబ్ అంచు కోసింది నాన్నే. నిన్న ఫోన్లో "ఇవాళ మీ బుజ్జి రెండుసార్లు లోపలే పోసింది" అన్నారు, నాకు జీపీఏ వచ్చినప్పుడు కూడా అంత సంతోషంగా మాట్లాడలేదు.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ పిల్లి డబ్బా దగ్గర ఒక్క నిమిషం కూర్చుని, అది ఎలా ఎక్కుతోందో చూడండి. మిగతా డీబగ్గింగ్ అక్కడి నుంచి మొదలవుతుంది.